సమ్మెట మేడం

మొన్న నిజామాబాద్‌లో ఒక పెళ్లికి పోయాను. ఫంక్షన్ హాల్లో పిల్లా పిలగాడికి రెండు పక్కలా ఇరవై మందిమి వరుసగా నిలబడ్డాం. ఫొటోగ్రాఫర్ ఎడమ చెయ్యి పైకెత్తి "ఎవ్వరు కదలొద్దు" అన్నాడు. నేను కదలలేదు. ఫ్లాష్ వెలిగింది, అందరూ నవ్వుకుంటూ స్టేజీ దిగి అన్నాల వైపు పోయారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టుకొని అక్కడే కొయ్యలా ఉన్నాను. వరుసకు అవతలి కొసన ఇంకొక ఆమె కూడా అట్లాగే కొయ్యలా ఉంది. తలలు తిప్పి ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె గంగామణి. బోధన్ దాటినాక మంజీర వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊరికి అప్పట్లో సర్పంచ్.

"సారూ, మీరు గూడనా?" అని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి దించలేదు కదక్కా, ఎట్లా కదులుతాం?" అన్నాను.

ఇక ఆమె నవ్వు ఆగలేదు. నాదీ ఆగలేదు. పెళ్లికొడుకు మేనమామ మమ్మల్ని చూసి వీళ్లకేమైందన్నట్టు పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ మేమిద్దరం మేడం సంగతులే చెప్పుకున్నాం. ఇంటికి వచ్చినాక కూడా మేడం నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. గంగామణి ఊళ్లో ఆమె పేరు ఎవరికీ తెలియదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. సమ్మెట మేడం. అంతే.

నేను నిజామాబాద్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివినప్పుడు ఆమె మాకు పాఠం చెప్పేది. పొట్టి మనిషి, గుండ్రని ముఖం, తాడు కట్టిన కళ్లద్దాలు. చీర కింద కాన్వాసు బూట్లు. మోపెడ్ మీద కాలేజీకి వచ్చేది. కాళ్లు పెట్టుకునే చోట అడ్డంగా ఒక పెద్ద సమ్మెట పెట్టుకునేది. దాని కర్ర ఒక పక్కకు మూరెడు బయటికి పొడుచుకొని ఉండేది. గాంధీ చౌక్‌లో ఎవరికీ దారి ఇవ్వని ఆటోవాళ్లు ఆమెకు ఇచ్చేవాళ్లు.

పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో నవ్వేది. హాస్యం ఏదో చెప్పి కాదు. మట్టి గురించి చెబుతూ, వచ్చే వాక్యంలో ఏం చెప్పబోతుందో ఆమెకు ముందే తెలుసు గనుక, ఆ సంతోషం పట్టలేక. సగం వాక్యం దగ్గరే నవ్వు వచ్చేసేది. మిగతా సగం మాకు ఎప్పటికీ దొరికేది కాదు. అయినా మేమూ నవ్వేవాళ్లం. ఎవరైనా తప్పు జవాబు చెబితే కళ్లు పెద్దవి చేసి "అబ్బ! ఎంత మంచిగ తప్పు చెప్పినవ్ర! మల్లొక్కసారి చెప్పు, అందరు ఇనాలె" అనేది. అందులో ఎగతాళి ఉండేది కాదు. ఆ తప్పులో నిజంగానే ఆమెకు ఏదో ముచ్చట కనబడేది.

ఎక్కడికి పోయినా మడమతో నేలను తట్టి చూసేది. కాలేజీలో ఆమె తోటి ఉద్యోగి ఒకాయన కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి పిలిస్తే, సత్యనారాయణ వ్రతం నడుస్తుండగా హాలు ఒక మూల నుంచి ఇంకో మూలకు టక టకా తట్టుకుంటూ పోయి, "గీడ బండ కింద బోలున్నది. మేస్త్రి మోసం జేసిండు" అని గట్టిగా ప్రకటించింది. పంతులు మంత్రం ఆపేశాడు. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు రెండు బచ్చాలు, అంటే బొబ్బట్లు, నెయ్యితో తిని, మూడోది రుమాలులో చుట్టుకొని మోపెడ్ ఎక్కింది.

నేను చదువు ముగించి, పల్లెలకు మంచినీళ్లు ఇచ్చే శాఖలో ఉద్యోగంలో చేరాను. మధ్యలో ఆమె రెండేళ్లు సెలవు పెట్టి ఎక్కడో పెద్ద సంస్థలో పరిశోధన చేసి వచ్చిందని విన్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక రోజు బోధన్‌లో నా ఆఫీసుకు వచ్చింది. సమ్మెట తెచ్చింది. దానితోబాటు ఒక ఇనుప పలక, పసుపు కొమ్ముల గోనెసంచిలో గలగలమనే సామాను, అరువు తెచ్చిన ఒక బూడిదరంగు డబ్బా.

"అరే, నాకు ఒక జాగ చూపియ్యి" అంది, కూర్చోకుండానే.

"ఎట్లాంటి జాగా మేడం?"

"లోపల ఏమున్నదో ముందే తెల్సిన జాగ. నా డబ్బా సరిగ చెప్తుందో లేదో చూడాలె."

నాకు సంతోషం కలిగింది. ఎందుకంటే నా చేతిలో సరిగ్గా అట్లాంటి జాగా ఉంది. గంగామణి వాళ్ల ఊళ్లో పెద్ద నీళ్ల ట్యాంకు కట్టాలి. ఆ ఊరి బావుల్లో నీళ్లు ఉప్పన. ఆడవాళ్లు చెరుకు చేలకు అడ్డం పడి మూడు కిలోమీటర్లు పోయి తెచ్చుకునేవాళ్లు. పంచాయతీ పక్కన ఖాళీ స్థలంలో నేనే గుంటలు తవ్వించాను. పైన నల్లరేగడి. నిలువెత్తు లోతు పోగానే గడ్డపార ఖణేల్మంది. నాలుగు గుంటల్లోనూ అంతే. "రెండు మీటర్ల లోతున గట్టి బండ, పునాదికి అనుకూలం" అని రాసి, సంతకం పెట్టి పైకి పంపాను. ఉద్యోగంలో చేరాక నేను సొంతంగా రాసిన మొదటి రిపోర్టు అది. రంగు పెన్నుతో బొమ్మ కూడా వేశాను. ఇప్పుడు మా మేడానికి దాన్ని చూపించే అవకాశం దొరికింది.

ఆ ఆదివారం పొద్దున్నే ఊళ్లో దిగింది. గోనెసంచి బోర్లిస్తే పిడికెడంత డబ్బీలు పడ్డాయి, ఒక్కోదానికి కింద మేకు, పక్కన వైరు. వాటిని ఒక తాడు వెంబడి సమానమైన దూరంలో మట్టిలో గుచ్చింది. వైర్లన్నీ బూడిదరంగు డబ్బాకు కలిపింది. వరుస చివర ఇనుప పలక పెట్టింది. ఊరంతా చుట్టూ చేరింది.

"అమ్మా, గిది బోరుకు నీళ్లు చూసుడా?" అని ఎవరో అడిగారు.

"కాదు. చెరువుల రాయి వేస్తే అలలు వస్తయ్ గద, భూమి మీద గూడ వస్తయ్. మన కంటికి కనవడయి, గంతే. పొట్టి అలలు మీది మట్టిల్నే ఉరుకుతయ్. పొడుగు అలలు లోతుదాక ఊగుతయ్. మట్టి గట్టిగుంటే జోరుగ పోతయ్, మెత్తగుంటే నిమ్మళంగ పోతయ్. ఏ అల ఎంత జోరుగ పోయిందో సూస్తే..." ఇక్కడ నవ్వు వచ్చేసింది. మిగతా వాక్యం పోయింది.

తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తింది. "ఎవ్వలు కదలకుండ్రి! మీరు నడిచినా అలలే. ఊపిరి గూడ బిగబట్టుండ్రి!"

ఊపిరికి డబ్బా ఏమీ కదలదని నాకు తర్వాత తెలిసింది. అది ఆమె సరదాకి చేర్చుకున్న నియమం. కాని ఆ రోజు ఊరు ఊరంతా బుగ్గలు పూరించుకొని నిలబడింది. ఆమె సమ్మెట నెత్తి మీదుగా తిప్పి "హుప్" అని పలక మీద వేసింది. ఠంగుమని మోగింది. డబ్బా తెర మీద గీతలు వణికాయి. "ఇంకొకటి!" మళ్లీ ఊపిరి. మళ్లీ దెబ్బ. ఒకే చోట పది దెబ్బలు.

"నేను కొడతాను మేడం" అన్నాను.

"నువ్వు డబ్బా చూడు. నా దెబ్బ నాకు అలవాటు. పదిసార్లు ఒక్క తీర్గ పడాలె. లోకం జేసే లొల్లి ఒక్కోసారి ఒక్కో తీర్గుంటది. పది దెబ్బలు కలిపితే లొల్లి కరిగిపోతది, మన దెబ్బ మిగులుతది." అని నుదుటి చెమట మోచేత్తో తుడుచుకొని, నా రిపోర్టు బొమ్మ చూసి "మస్తు గీసినవ్ర" అంది. నేను ఆ రోజంతా గాల్లో ఉన్నాను.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. బస్సు దిగడం దిగడమే పరుగు. చేతిలో చుట్టిన కాగితం. గంగామణి వాకిట్లో కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. సర్పంచ్ అయినా పొద్దున పూట ఆ పని మానేది కాదు. పక్కన ఆమె అత్త, ఊరందరికీ అవ్వ, ఎండలో కాళ్లు చాపుకొని ఉంది. నేను కూడా అక్కడే ఉన్నాను, ట్యాంకుకు ముగ్గు పోసే రోజు మాట్లాడదామని.

"అవ్వా, బొంతలు ఎన్నున్నయ్?" అంది మేడం.

"బొంతలెందుకు బిడ్డా, చలివెడ్తుందా?"

జవాబు చెప్పకుండా ఇంట్లోకి పోయి మూడు బొంతలు, ఒక పీట పట్టుకొచ్చింది. రెండు బొంతలు మడిచి కింద పరిచింది. వాటి మీద పీట బోర్లా పెట్టింది. పీట మీద మూడో బొంత కప్పింది.

"ఒక్క వేలుతోని మెల్లగ ఒత్తు అవ్వా."

అవ్వ ఒత్తింది. "మెత్తగున్నది."

"ఇప్పుడు అరచేత్తోని గట్టిగ."

"గట్టిగున్నది. లోపట పీట వెట్టినవ్ గద, నేను సూడలేదనుకున్నవా?"

"ఇగ దాని మీద కూసో."

అవ్వ నడుం పట్టుకొని కూర్చుంది. పీట ఒక పక్కకు కుంగింది. అవ్వ కూడా అదే పక్కకు వాలి, రెండు కాళ్లూ పైకి లేచి, గంగామణి బీడీల చాట మీద పడింది. తునికాకులు, పొగాకు వాకిలంతా చెదిరాయి. అవ్వ లేచి కూర్చొని "నన్ను పడగొట్టనికే బస్సెక్కి వచ్చినవా పోరీ?" అని తిట్టింది. గంగామణి కడుపు పట్టుకొని నవ్వింది. మేడం చప్పట్లు కొడుతూ వాకిట్లో చుట్టూ తిరిగింది.

"గదే! గదే ఉన్నది మీ పంచాయతి పక్కన! పొట్టి అలలు నిమ్మళంగ పోయినయ్, నడిమివి ఉరికినయ్, పొడుగువి మల్ల నిమ్మళమైనయ్! పీట కింద బొంతలున్నయ్! పాత పద్ధతిల సూస్తే పీట దాక కనవడ్తది, కిందిది అస్సలు కనవడది. దొరికింది! మెత్తది దొరికింది!"

నేను నవ్వలేదు. నాకు అర్థమైంది. నా గడ్డపారకు ఖణేల్మని తగిలింది పీట.

గంగామణి నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది. "మేడం, అంటే మా ట్యాంకు అవ్వ లెక్కనే..." అని మాట పూర్తి చేయలేదు.

అప్పుడు మేడం నా వైపు చూసింది. "నీ ముఖం గట్లేందిరా?"

"రిపోర్టు పంపేశాను మేడం. గట్టి బండ అని. నా సంతకంతోనే."

ఆమె కాగితం చుట్టేసింది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. "నేనైనా గదే రాసేదాన్ని. నాలుగు గుంటలల్ల నాలుగుసార్లు మోగింది, బండ అన్నవ్. ఇంకేమంటరు?" కాసేపు తునికాకులు ఏరి చాటలో వేసింది. "కాని నా మాట గూడ ఇప్పుడే నమ్మకు. గీత అబద్ధం చెప్పది గని, దాన్ని చదివింది నేను. నేను తప్పు చదివిన్నేమో. ఒక్క గుంటల ఆ బండను పగులగొట్టి సూద్దాం."

ఊళ్లో బావులు తవ్వే సాయిలు గుంటలోకి దిగాడు. ఊరు రెండు పార్టీలైంది. పడిపోయిన కోపంతో అవ్వ బండ పార్టీకి నాయకురాలు. "బండనే. పాతాళం దాక బండనే. గా పోరి మాట తప్పయితది, సూడుండ్రి." మేడం మాట నెగ్గితే ఊరందరి ముందూ తన చేత్తో ఆమెకు బచ్చాలు చేసి పెడతానని పందెం కాసింది. మేడం ఓడితే అవ్వను మోపెడ్ మీద నిజామాబాద్ తీసుకుపోయి గాజులు కొనివ్వడం కాదు, బస్టాండు దగ్గర ఐస్‌క్రీం తినిపించాలి. గాజులు వద్దనీ, ఐస్‌క్రీమే కావాలనీ అవ్వే నిర్ణయించింది.

నేను మాత్రం రెండు రోజులు ఆ గుంట ఒడ్డునే కూర్చున్నాను. సాయిలు కొట్టే ప్రతి దెబ్బకూ బండ బండలాగే మోగేది. అది మోగినప్పుడల్లా లోపల చిన్న ఆశ: మేడం మాట తప్పై ఉంటే బాగుండు. ఆ ఆశకు సిగ్గు కూడా వేసేది. మేడం రోజూ కాలేజీ అయిపోగానే బస్సులో వచ్చేది, కొంగు నడుముకు దోపి, సాయిలును పైకి రమ్మని తాను దిగి పది దెబ్బలు వేసి ఎక్కేది.

మూడో రోజు మధ్యాహ్నం సాయిలు గడ్డపార రెండు చేతులా ఎత్తి వేశాడు. ఈసారి మోగలేదు. గడ్డపార చప్పుడు లేకుండా పిడి దాకా లోపలికి పోయింది. ఆ ఊపుకు సాయిలు బోర్లా పడ్డాడు.

"అమ్మో, నా గడ్డపార! లోపటికి గుంజుతుంది!"

పగిలిన చోట నుంచి నల్లటి నీళ్లు ఊరాయి. మేడం నిచ్చెన కూడా చూసుకోకుండా గుంటలోకి జారింది. చీలికలో చెయ్యి పెట్టి దోసెడు బురద తీసింది. "సూడుండ్రి! ఎంత మెత్తగున్నదో! సూడుండ్రి!" అని పైకి అందించింది. ఆ బురద చేతి నుంచి చేతికి ఊరంతా తిరిగింది. పసిపిల్లను చూసినట్టు అందరూ దాన్ని చూశారు. ఎప్పటిదో మంజీర పాత పాయ అది. ఒండ్రుతో పూడిపోయింది. దాని మీద సున్నపు గులకరాళ్లు గట్టిపడి మీటరు మందం మూత వేశాయి. ఆ మూత మీద నేను ఊరి ట్యాంకు పెట్టబోయాను.

బురద గంగామణి దాకా వచ్చింది. ఆమె రెండు వేళ్లతో నలిపి, ఎదురుగా ఉన్న బడి వైపు చూసింది. ట్యాంకు ఒరిగితే అటే ఒరిగేది. వచ్చి నా భుజం మీద ఆ బురద చెయ్యే వేసి, "బతికినం సారూ" అంది. ఆ మరక ఉన్న చొక్కా చాలా రోజులు వేసుకున్నాను.

అవ్వ మాత్రం "నా ఐస్‌క్రీం పాయె" అంది.

ఆ సాయంత్రం బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సు కోసం కూర్చున్నాం. పై ఆఫీసరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మేడం పక్క నుంచి తొంగి చూసింది.

"మొదటి వాక్యంల ఏం రాసినవ్?"

నేను చదివాను. నేల స్వభావం, ఆ రోజుల్లో దొరికిన పనిముట్లు, పరిస్థితులు, అన్నీ ఉన్నాయి.

"కొట్టెయ్యి. 'నేను రాసింది తప్పు' అని మొదలువెట్టు."

"చివర్లో రాస్తాను మేడం. కారణాలు చెప్పినాక."

"నేను గట్లనే చివర్ల రాసిన ఒకసారి" అంది. మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు లేదు. "నౌకరిల చేరిన కొత్తల. ఒక బడి గోడ పునాది. నాలుగు పేజీలు మంచిగ రాసి, ఆఖరి లైన్ల తప్పు ఒప్పుకున్న. ఆఫీసరు గక్కడి దాక చదవలే. గోడ పడ్డది. ఆ దినం బడికి సెలవు, గందుకే ఎవ్వలకేం గాలే." ఆమె నా చేతిలోంచి పెన్ను తీసుకొని మూత పెట్టింది, తీసింది, మళ్లీ నాకిచ్చింది. "మొదటి వాక్యం అందరు చదువుతరు."

నేను అట్లాగే రాశాను. అంతలో బస్సు వచ్చింది. కిటికీ సీటు కోసం ఆమె నా కాలు తొక్కి మరీ ఎక్కింది.

ఆఫీసరు తిట్టాడు. ముందు నన్ను, తర్వాత సమ్మెటలను, తర్వాత మళ్లీ నన్ను. చివరికి వారం గడువిచ్చాడు. అదే ఊళ్లో గట్టి జాగా రుజువుతో చూపిస్తే సరే, లేకపోతే ట్యాంకు ఇంకో ఊరికి పోతుంది.

ఊళ్లో పంచాయతీ చేతిలో మిగిలిన ఖాళీ జాగా ఒక్కటే, చెరుకు కాంట పక్కది. ఫ్యాక్టరీకి పోయే చెరుకును తూచే చోటు అది. సీజను నడుస్తోంది. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు కిలోమీటరు పొడుగునా లైనులో ఉన్నాయి, ఇరవై నాలుగు గంటలూ. మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చినవాళ్ల గుడిసెలు ఆ పక్కనే. నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది.

మేడం ఒక చెరుకు ముక్క నములుతూ ఆ లైనునంతా చూసింది. ఆమె కళ్లు మెరిశాయి.

"అందర్ని ఆపుదాం" అంది.

"వీళ్లు ఎవరి కోసమూ ఆగరు మేడం."

"ఎంతసేపు? ఒక్కో దెబ్బకు నాలుగు సెకన్లు. గంతసేపు ఆగలేరా?"

గంగామణి ఒక్కో బండి దగ్గరికీ పోయి చెప్పింది. ట్యాంకు పోతుందని చెప్పింది. ఆ ఊరి డ్రైవర్లు వెంటనే ఒప్పుకున్నారు. వాళ్ల ఇళ్లలోనూ నీళ్లు మోసేది ఆడవాళ్లే. పొరుగూళ్ల వాళ్లు గొణిగారు. అవ్వ కర్ర పట్టుకొని వాళ్ల దగ్గర నిలబడింది. గొణుగుడు తగ్గింది. చెరుకు కొట్టేవాళ్లకు తెలుగు రాదు. మేడం ఒక బండి మోకు పట్టుకొని పైకెక్కి, ఎడమ చెయ్యెత్తి, "హలూ నకా!" అని అరిచింది. కదలొద్దని మరాఠీలో. ఆమెకు వచ్చిన మరాఠీ ఆ రెండు మాటలే, అవి కూడా నిజామాబాద్ మార్కెట్‌లో మిరపకాయలు తూచేవాడి దగ్గర నేర్చుకుంది. వాళ్లు గొల్లున నవ్వి, కొడవళ్లు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే బొమ్మల్లా ఆగిపోయారు.

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఒక ఎద్దు ఈగలకు కాలు నేలకేసి కొడుతోంది. గంగామణి పోయి దానికి చెరుకు ఆకు తినిపిస్తూ, మెడ గోకుతూ నిలబడింది. దాని గంట మోగుతోంది.

"గంట మోగితే మోగనీ, కాలు ముఖ్యం!" అని మేడం అరిచింది.

తర్వాత నిశ్శబ్దం. సీజనులో ఆ కాంట దగ్గర అట్లాంటి నిశ్శబ్దం ఎవరూ వినలేదు. దూరాన చేలల్లో గాలికి చెరుకు ఆకులు ఒరుసుకోవడం వినబడింది. ఎవరి కడుపో గుర్రుమంది.

"హుప్!"

ఠంగ్.

"ఇంకొకటి!"

మూడో దెబ్బకు కాంట గుమాస్తా తుమ్మాడు. నాలుగు వందల మంది అతని వైపు తిరిగి "ష్!" అన్నారు. ఆ ష్ కూడా డబ్బాలో నమోదైందని మేడం వాదించింది. ఆరో దెబ్బకు జనానికి లెక్క తెలిసిపోయింది. దెబ్బ పడగానే గట్టిగా ఊపిరి వదలడం, మళ్లీ బిగబట్టడం. ఎనిమిదో దెబ్బకు పొరుగూరి డ్రైవరే దిగి "ఏయ్, పోరగాండ్లను పట్టుకోండ్రి, ఉరుకుతున్నరు!" అని కసురుకుంటున్నాడు. పదో దెబ్బ పడ్డాక ఆమె చెయ్యి దించింది. మరాఠీవాళ్లు ఈలలు వేశారు. ఇంజన్లన్నీ ఒక్కసారే మొదలయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ట్రాక్టరును తొయ్యడానికి మేడం కూడా పోయింది.

ఫలితం ఇంటి దగ్గర కంప్యూటర్లో చూసుకొని చెబుతానంది. రెండో రోజు మధ్యాహ్నం నా ఆఫీసుకు ఫోను వచ్చింది. అవతల మాట లేదు, నవ్వు ఒక్కటే. అర నిమిషం ఆ నవ్వు విన్నాక నాకూ అర్థమైపోయింది. పొడుగు అలలు ఇంకా జోరందుకున్నాయన్నమాట. పీట కింద బొంతలు లేవు. అక్కడి మూత నేరుగా అసలు బండ మీద కూర్చొని ఉంది.

ఈసారి నేను కాగితం ఒక్కటే నమ్మలేదు. సాయిలుతో మళ్లీ తవ్వించాను. మోగింది, పగలగొట్టాడు, మళ్లీ మోగింది, మళ్లీ పగలగొట్టాడు, ఇంకా మోగింది. "సారూ, నా వల్ల కాదు" అని అతను గడ్డపార పారేసినప్పుడు నేను అతన్ని కౌగిలించుకున్నాను. అవ్వ మాట నిలబెట్టుకుంది. మేడం తొమ్మిది బచ్చాలు తింది. అవ్వను ఎట్లాగూ మోపెడ్ మీద ఎక్కించుకొని ఐస్‌క్రీం తినిపించింది.

ట్యాంకు లేవడానికి ఏడాది పైనే పట్టింది. మొదటిసారి నింపే రోజు ఊరంతా కాంట పక్కన చేరింది, మా పై ఆఫీసరు కూడా వచ్చాడు. గంగామణి మేడాన్ని ట్యాంకు పైకి ఎక్కమంది. మేడం నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కి, కిందికి చూసి, కళ్లు మూసుకొని, "నన్ను దింపుండ్రి, దండం వెడ్త" అంది. ఎత్తు అంటే ఆమెకు అంత భయమని ఆ రోజే తెలిసింది.

నన్ను లెవెల్ మిషను దగ్గర నిలబెట్టింది. ట్యాంకు స్తంభం మీద గీసిన గుర్తును దుర్భిణిలోంచి చూస్తూ ఉండాలి. నీళ్ల బరువుకు స్తంభం ఎంత దిగుతుందో చెప్పాలి.

"ఎంత?" పావు ట్యాంకు నిండినప్పుడు అడిగింది.

"అంతే ఉంది మేడం."

సగం నిండింది. "ఎంత?"

ఇంకోసారి చూసుకున్నాను. "వెంట్రుకవాసి దిగింది."

"గంత దిగాలె! దిగకపోతేనే నేను పరేషాన్ అయ్యేదాన్ని!" అని చప్పట్లు కొట్టింది. కాని ఆ తర్వాత ఆమె నా వెనకే నిలబడింది. నా చొక్కా వెనక భాగం గుప్పిట్లో పట్టుకుంది. నేను రీడింగు చెప్పినప్పుడల్లా ఆ గుప్పిట బిగిసేది, వదులయ్యేది. ఆమెకూ దడగానే ఉందని నాకప్పుడు తెలిసింది.

ముప్పావు. అంతే ఉంది. నిండింది. అంతే ఉంది.

"మల్ల చెప్పు."

"అంతే మేడం. కదలలేదు."

పైన గొట్టంలోంచి పొర్లిన నీళ్లు ధారగా కిందపడ్డాయి. పిల్లలు ముందు ఉరికారు, వాళ్ల వెనక గంగామణి, ఆమె వెనక కర్ర పారేసి అవ్వ. మేడం నా చొక్కా వదిలేసింది. కాన్వాసు బూట్లు విప్పి చేత్తో పట్టుకొని ఆ ధార కిందికి పరుగెత్తింది. కళ్లద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. అక్కడి నుంచి నన్ను పిలిచింది.

"ఇంకొక్క రీడింగు తీసుకుంటాను మేడం!"

"ఎన్నిసార్లు సూస్తవ్ర? నిలవడ్డది! రా!"

పనిముట్టును ఒంటరిగా వదిలి పోకూడదని మాకు మొదటి క్లాసులో చెప్పింది ఆమే. నేను దుర్భిణికి మూత పెట్టాను. పై ఆఫీసరు చూస్తుండగానే ధార కిందికి ఉరికాను. వీపు మీద పడ్డ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే నేను కేక పెట్టాను. మేడం నాకంటే పెద్ద కేక పెట్టింది.